పెలెట్ టెస్టింగ్, .22 లాట్ టెస్టింగ్: వైజాగ్ షూటర్లు పదే పదే అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న రేంజ్‌లో ప్రాక్టీస్ అయ్యి టీ తాగే టైమ్‌కి ఎవరో ఒకరు పెలెట్ డబ్బా పట్టుకుని వస్తారు, "అన్నా ఇది మంచిదేనా?" అని. సాయంత్రం అదే ప్రశ్న ఇంకొకరి నుంచి వాట్సాప్‌లో వస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. కొత్తవాళ్ళకి ముందే చెప్తున్నా, పెలెట్ అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండు, .22 అంటే 50 మీటర్లలో కాల్చే మందుగుండు రైఫిల్, లాట్ అంటే కంపెనీ ఒకే విడతలో తయారుచేసిన సరుకు. ఎవరికి ఏ డౌట్ ఉంటే అది మాత్రం చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు. నా అనుభవంలో తేలింది ఒక్కటే, ఏ పెలెట్ మంచిదో దాని ధర చెప్పదు, పక్క లేన్ వాళ్ళ స్కోరూ చెప్పదు, మీ బ్యారెల్ ఎదురుగా పెట్టిన కాగితమే చెప్తుంది.

## కొనేముందు

మావాడు షూటింగ్ మొదలెట్టి నాలుగు నెలలైంది, ఇప్పుడే పెలెట్ టెస్టింగ్ అవసరమా?

అవసరం లేదండి. స్టాండింగ్‌లో షాట్లు 8లో, 9లో తిరుగుతున్నప్పుడు పెలెట్ మారిస్తే వచ్చే తేడా కనబడనే కనబడదు. పేరున్న మ్యాచ్ పెలెట్ ఒకటి తీసుకుని దాంతోనే ఉండండి, ఆ డబ్బుతో ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ కాల్పించండి, అదే లాభం. 60 షాట్లకి స్కోరు 654కి 610 దాటి అక్కడ నిలబడుతోంది అన్నప్పుడు టెస్టింగ్ గురించి ఆలోచించండి. ఈలోపు డబ్బా మీద ఉన్న లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు మాత్రం ఇప్పుడే చేయించండి.

10 మీటర్లే కదా, అంత చిన్న దూరానికి పెలెట్ ఏదైతే ఏంటి?

దూరం చిన్నదే గానీ టార్గెట్ ఇంకా చిన్నది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 అంటే అర మిల్లీమీటర్ చుక్క, మన పెలెట్ 4.5 మిల్లీమీటర్లు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో గోల్డ్ కొట్టినప్పుడు క్వాలిఫికేషన్ 600కి లెక్క, ఆయన 596 కొట్టారు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 598 కొట్టి ఫైనల్‌కెళ్ళి బ్రాంజ్ తెచ్చారు. అప్పుడు క్వాలిఫికేషన్‌లో 10.0 అయినా 10 పాయింట్లే, 10.9 అయినా 10 పాయింట్లే. 2013 నుంచి క్వాలిఫికేషన్ కూడా డెసిమల్ అయిపోయింది, ఫుల్ స్కోరు 654. అంటే ఒకప్పుడు లెక్కలోకే రాని తేడా ఇప్పుడు ప్రతి షాట్‌లోనూ లెక్కకొస్తోంది. 0.1 పాయింట్ అంటే కాగితం మీద పావు మిల్లీమీటర్. ఒక్కో షాట్‌కి సగటున 0.1 పోయినా 60 షాట్లకి 6 పాయింట్లు, పెద్ద మ్యాచ్‌లో ఆ 6 పాయింట్లకి ఫైనల్ పోతుంది.

డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది, నా రైఫిల్‌కి ఏది తీసుకోవాలి?

అది పెలెట్ తల వ్యాసం, మిల్లీమీటర్లలో. తల బ్యారెల్‌లోని గాళ్ళకి సరిగ్గా పట్టాలి, మరీ వదులైతే పెలెట్ నిటారుగా బయల్దేరదు, మరీ బిగుతైతే వేగం ఒకో షాట్‌కి ఒకోలా ఉంటుంది. ఏ సైజ్ పట్టిందో చేత్తో తోసి చూసి చెప్పలేం, కాల్చి చూడాల్సిందే. ఒకే కంపెనీ ఒకే మోడల్ రైఫిళ్ళు రెండు పక్కపక్కన పెట్టి చూసినా ఒకదానికి 4.49, ఇంకోదానికి 4.50 నచ్చడం నేనే చూశాను. ఇంకో సంగతి, ఒక కంపెనీ 4.50, ఇంకో కంపెనీ 4.50 అచ్చంగా ఒకటే ఉంటాయని అనుకోవద్దు, కాబట్టి బ్రాండ్ మారిస్తే సైజ్ కూడా మళ్ళీ చూసుకోండి.

ఖరీదైనదే బెస్ట్ కదా?

చాలాసార్లు అవును, ఎందుకంటే ఖరీదైన డబ్బాలో పెలెట్లు ఒకదానికొకటి తేడా లేకుండా ఉంటాయి. కానీ మీ బ్యారెల్‌కి అది నచ్చకపోతే ఆ డబ్బు వృథా. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ ఇవి మూడూ మంచివే, ఏది ముందో ఏది వెనకో మీ రైఫిల్ తేలుస్తుంది.

టెస్ట్‌కి ఎన్ని రకాలు తెచ్చుకోవాలి?

నాలుగు, మహా అయితే ఆరు. పన్నెండు రకాలు తెచ్చుకుని ఒక్కోదాంతో ఐదేసి షాట్లు వేస్తే చివరికి ఏమీ తేలదు, పైగా అలిసిపోతారు. రైఫిల్ పెలెట్లే తీసుకోండి, 0.53 గ్రాముల దగ్గరవి. పిస్టల్‌వి ఇంకా తేలిక, డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తొందరలో అవి కొనేసిన వాళ్ళున్నారు. క్లబ్‌లో నలుగురు కలిసి తలో రకం కొనుక్కుని యాభయ్యేసి పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. పంచుకునేటప్పుడు ప్రతి పొట్లం మీద బ్రాండ్, సైజ్, లాట్ నంబర్ మూడూ రాయండి.

## టెస్ట్ చేసే రోజు

మా రేంజ్‌లో వైస్ (రైఫిల్‌ని కదలకుండా బిగించి పట్టే పరికరం) లేదు, చేత్తో టెస్ట్ చేయొచ్చా?

నిలబడి చేస్తే అది మీ టెస్ట్ అవుతుంది, పెలెట్ టెస్ట్ అవ్వదు. వైస్ లేకపోతే గట్టి టేబుల్, ముందొక ఇసుక సంచి, వెనకొక ఇసుక సంచి, కుర్చీలో కూర్చుని కాల్చండి. పాత జీన్స్ కాలు కత్తిరించి రెండు వైపులా కుట్టి పొడి ఇసుక నింపుకుంటే చాలు. బీచ్ ఇసుక మాత్రం వద్దు, దాంట్లో ఉప్పుంటుంది, తేమ లాగి రైఫిల్ మెటల్‌కి తుప్పు పట్టిస్తుంది. వడ్రంగి వైస్‌లో పెట్టే వాళ్ళయితే స్టాక్ దగ్గర చెక్క ముక్కలూ రబ్బరూ వేసి పట్టించండి, బ్యారెల్‌ని గానీ గాలి సిలిండర్‌ని గానీ బిగించకండి. సిలిండర్‌లో 200 బార్ ప్రెజర్ ఉంటుంది, దాని మీద నొక్కు పడటం చాలా ప్రమాదం.

ఒక్కో పెలెట్‌తో ఎన్ని షాట్లు? ఏ వరసలో?

ఒక్కోదాంతో కనీసం 30, పది పది చొప్పున మూడు గ్రూపులు (గ్రూపు అంటే ఒకే కాగితం మీద పడ్డ షాట్ల గుంపు), ప్రతి గ్రూపుకీ కొత్త కాగితం. వరస చాలా ముఖ్యం, అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. మూడు రకాలకి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టుకుని, 'ఏ' రకం 30 మొత్తం కాల్చేసి, తర్వాత బీ రకం 30, ఆ తర్వాత సీ రకం 30 అంటే, ఈలోపు చెయ్యి అలుస్తుంది, గాలి ప్రెజర్ తగ్గుతుంది, హాల్లో వేడి పెరుగుతుంది, ఆ తప్పంతా సీ నెత్తిన పడుతుంది. ఏ, బీ, సీ ఒక్కో గ్రూపు వేసి తర్వాత సీ, బీ, ఏ అని వెనక్కి రండి, మూడో రౌండ్ బీ నుంచి మొదలెట్టండి. రకం మార్చినప్పుడు ముందు ఐదు షాట్లు పక్క కాగితం మీద వేసి అవి లెక్కలోంచి తీసేయండి. పెలెట్‌ని బొటనవేలితో ప్రతిసారీ ఒకేలా లోపలికి నొక్కాలి, ఒకటి లోపలిదాకా ఒకటి పైపైన పెడితే ఆ తేడా కూడా గ్రూపులో కనిపిస్తుంది.

బ్యారెల్ క్లీన్ చేసి టెస్ట్ చేయాలా, చేయకుండానా?

క్లీన్ చేశాక ఎయిర్ రైఫిల్ అయితే 15-20 షాట్లు వేసేదాకా బ్యారెల్ కుదురుకోదు, గ్రూపు అటూ ఇటూ పోతుంది. కాబట్టి టెస్ట్‌కి ముందురోజు ఫెల్ట్ పెలెట్లతో (బ్యారెల్ తుడవడానికి వాడే ఉన్ని ముక్కలతో) శుభ్రం చేసి, ఆ రోజే 20 షాట్లు వేసేసి రైఫిల్ పక్కన పెట్టుకోండి.

క్రోనోగ్రాఫ్ (పెలెట్ వేగం కొలిచే యంత్రం) కొనాలా?

కొనక్కర్లేదు, క్లబ్‌లో ఒకటుంటే అందరికీ సరిపోతుంది. అది మంచి పెలెట్‌ని ఏరిపెట్టదు గానీ రైఫిల్ జబ్బు మాత్రం బయటపెడుతుంది. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది, 10 మీటర్లు వెళ్ళేసరికి పెలెట్ సుమారు 17 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. వేగం ఒక శాతం తగ్గితే, అంటే 1.7 మీటర్లు, ఇంకో 0.3 మిల్లీమీటర్లు కిందకి పడుతుంది, అంటే 0.1 పాయింట్ కంటే కొంచెం ఎక్కువే పోయినట్టు. పది షాట్లలో వేగం రెండు మూడు మీటర్ల లోపు తేడాతో ఉంటే నిశ్చింతగా ఉండండి, ఆరేడు మీటర్లు ఊగుతుంటే రెగ్యులేటర్ (గాలి ప్రెజర్‌ని నిలకడగా ఉంచేది) గానీ సీల్స్ గానీ సర్వీస్‌కి వచ్చినట్టే, పెలెట్లు మార్చడం ఆపేసి ముందు అది చేయించండి.

## కాగితం చదవడం

గ్రూపు ఎలా కొలవాలి? ఎంతుంటే మంచిదన్నట్టు?

దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్‌తో కొలిచి, దాంట్లోంచి 4.5 తీసేస్తే మధ్య నుంచి మధ్యకి దూరం వస్తుంది. ఎవరైనా తన గ్రూపు ఇంత అంటే ఈ రెండింట్లో ఏదో అడగండి, సగం వాదనలు అక్కడే తీరిపోతాయి. షాట్ 10.0 కావాలంటే దాని మధ్య బిందువు టార్గెట్ మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అంటే బయటి అంచుల మధ్య 9.5 మిల్లీమీటర్ల గ్రూపు కూడా సరిగ్గా మధ్యలో పడితే అన్నీ 10లే. మంచి పెలెట్, మంచి బ్యారెల్ కలిస్తే పది షాట్లు 6 మిల్లీమీటర్ల లోపే వస్తాయి, చూస్తే ఒకే రంధ్రం కొంచెం కొరికినట్టు ఉంటుంది. 7 దాటితే ఇంకో రకం చూడండి.

నిన్న ఒక పెలెట్ బెస్ట్ అనిపించింది, ఇవాళ ఇంకోటి. ఏది నమ్మాలి?

రెండూ నమ్మకండి, షాట్లు చాలవు. ఒకే పెలెట్‌తో ఐదు షాట్ల గ్రూపులు పది వేసి చూడండి, అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ ఒక్కోసారి రెండింతలు తేడా వస్తుంది, పెలెట్ మాత్రం అదే. అందుకే అదృష్టంగా పడ్డ ఒక ఐదు షాట్ల గ్రూపుని ఫొటో తీసి స్టేటస్ పెట్టేసి ఆ రకం పది డబ్బాలు కొనేస్తారు, నెల తిరక్కుండా అది పనికిరాదంటారు. షాట్లు పెరిగేకొద్దీ గ్రూపు పెద్దదవడం మామూలే, పది షాట్ల గ్రూపు ఐదు షాట్ల గ్రూపు కంటే సగటున పావు వంతు పెద్దగా ఉంటుంది, కాబట్టి ఐదుని ఐదుతోనే, పదిని పదితోనే పోల్చండి. 30 షాట్ల తర్వాత కూడా రెండు రకాలు దగ్గర దగ్గరగా ఉంటే అవి సమానమే అనుకుని ఎక్కువ దొరికేది కొనుక్కోండి.

మొన్న వేసవిలో ఒకమ్మాయి వాళ్ళ నాన్నతో గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చింది, చేతిలో మూడు డబ్బాలు. మొదటి రౌండ్‌లో 4.50 గ్రూపు ఎంత అందంగా పడిందంటే నాన్నగారు అప్పుడే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తానన్నారు. ఆగండి బాబాయ్, ఇంకో రెండు రౌండ్లు అన్నాను. రెండో రౌండ్‌లో దాంట్లోంచే ఒక షాట్ కుడి పక్కకి సెనగ్గింజంత దూరం పోయింది, మూడో రౌండ్‌లో రెండు పోయాయి. 4.49 మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే మూడు రంధ్రాలూ ఒకటే రంధ్రంలా కనిపించాయి. "ఏటి, ఇందాక అదే బాగుంది గదా" అన్నారాయన. ఆ అమ్మాయి ఏమీ అనకుండా మూడు కాగితాలూ మడిచి డైరీలో పెట్టుకుంది.

గ్రూపు అడ్డంగా చిన్నదే గానీ నిలువుగా సాగుతోంది, ఎందుకు?

ఎక్కువగా వేగం తేడా. సిలిండర్‌లో గాలి బాగా తగ్గిందేమో చూడండి, మాన్యువల్‌లో చెప్పిన ప్రెజర్ కంటే కిందకి వెళ్తే వేగం పడిపోతుంది. అది బాగానే ఉంటే ఇసుక సంచి మీద రైఫిల్ ప్రతిసారీ ఒకే చోట ఆనుతోందా, భుజం ఒత్తిడి మారుతోందా చూడండి. అడ్డంగా సాగితే ట్రిగ్గర్ మీద వేలు పక్కకి తోస్తోందేమోనని నా అనుమానం మొదట వేలి మీదకే పోతుంది.

పెలెట్లు తూకం వేసి వేరు చేస్తే స్కోరు పెరుగుతుందా?

నేను చేశాను కాబట్టి చెప్తున్నా. రెండు రాత్రులు కూర్చుని మిల్లీగ్రామ్ కాటాలో 500 పెలెట్లు తూచి గుంపులు చేశా, మంచి లాట్‌లో ఆ గుంపులకీ తూచనివాటికీ కాగితం మీద నాకు తేడా కనబడలేదు. కళ్ళతో చూసి ఏరడం మాత్రం పనికొచ్చింది. వెనక అంచు, అంటే స్కర్ట్, నొక్కుకుపోయినవి, గీత పడ్డవి, సీసం పెచ్చు అంటుకున్నవి ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే తెలిసిపోతాయి, అవి ప్రాక్టీస్‌కి పక్కన పెట్టేయండి. కొరియర్‌లో ఎగిరెగిరి వచ్చిన డబ్బాలో ఇలాంటివి ఎక్కువుంటాయి.

టెస్ట్‌లో గ్రూపు సూపర్, మ్యాచ్‌లో స్కోరు రాలేదు. పెలెట్ మోసం చేసిందా?

టెస్ట్‌లో గ్రూపు బాగుంటే పెలెట్ తన పని చేసినట్టే. దాని మీద అనుమానం పూర్తిగా వదిలేయడానికే ఈ టెస్ట్. ఇక చూడాల్సింది పొజిషన్, ఊపిరి, ట్రిగ్గర్. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి, మ్యాచ్‌కి తీసుకెళ్ళిన డబ్బా టెస్ట్ చేసిన లాటేనా అని. నాకొకసారి ఒక దుకాణం వాళ్ళు ఒకే లాట్ అని చెప్పి ఇచ్చిన ఐదు డబ్బాల్లో రెండు వేరే లాట్‌వి, నేను చూసుకోకుండా ఒక జిల్లా మ్యాచ్ మొత్తం వాటితో కాల్చేశాను. అప్పట్నుంచి బిల్లు కట్టే ముందే ప్రతి డబ్బా తిప్పి నంబర్ చదువుతున్నా.

## .22కి వెళ్ళాక

.22లో లాట్ లాట్ అంటారు, అంత తేడా ఉంటుందా?

ఉంటుంది, ఎయిర్ రైఫిల్ కంటే చాలా ఎక్కువ. ఇక్కడ పెలెట్ ఒక్కటే కాదు, మందు, రిమ్ (తూటా అడుగు అంచు) లోపల ప్రైమింగ్ (మందుని అంటించేది), 40 గ్రెయిన్ల బులెట్, దాని మీద మైనం, ఇన్ని కలిసి పనిచేయాలి. ఒకే పేరు, ఒకే రంగు డబ్బా, లాట్ నంబర్ మారితే మీ బ్యారెల్‌లో గ్రూపు రెండింతలవ్వచ్చు. 50 మీటర్లు వెళ్ళేసరికి బులెట్ సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది, వేగం ఒక శాతం మారితే రెండు మిల్లీమీటర్ల పైనే తేడా. ఎలే, లపువా కంపెనీలు అందుకే తమ టెస్ట్ రేంజ్‌లో షూటర్ బ్యారెల్‌ని యంత్రానికి బిగించి లాట్ మీద లాట్ కాల్చి చూపిస్తాయి. అంత దూరం వెళ్ళలేని మనం రెండు మూడు లాట్లు ఒక్కో డబ్బా చొప్పున తెప్పించుకుని బెంచ్ మీద పది షాట్ల గ్రూపులు నాలుగేసి వేసి చూసుకోవాలి. 50 మీటర్ల టార్గెట్‌లో అన్నీ 10 కావాలంటే బయటి అంచుల మధ్య గ్రూపు 21.6 మిల్లీమీటర్లు దాటకూడదు, అదీ సరిగ్గా మధ్యలో పడితేనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే బ్రాంజ్ కొట్టిన త్రీ పొజిషన్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీలో) క్వాలిఫికేషన్ ఇప్పటికీ డెసిమల్ కాదు, 9.9 పడితే 9 మాత్రమే ఇస్తారు, అందుకే అంచు దాటే ఒక్క పాడు షాట్ అక్కడ ఖరీదైనది.

ఎక్కువ స్పీడ్ ఉన్న .22 బులెట్ కొంటే గాలికి తక్కువ కొట్టుకుపోతుంది కదా?

కాదండి, టార్గెట్ బులెట్లు కావాలనే ధ్వని వేగం కంటే తక్కువలో, సెకనుకి 320-330 మీటర్ల దగ్గర ఉంచుతారు. ధ్వని వేగం దాటి బయల్దేరిన బులెట్ దారిలో మళ్ళీ ఆ వేగం కిందకి దిగేటప్పుడు కుదుపుకి లోనవుతుంది, వేగం కూడా తొందరగా పోగొట్టుకుంటుంది, గాలికి ఇంకా ఎక్కువ జరుగుతుంది.

బ్రాండ్ మార్చగానే మొదటి పది షాట్లు ఎక్కడెక్కడో పోతున్నాయి.

ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. పాత మైనం పోయి కొత్తది బ్యారెల్ గోడలకి పట్టడానికి 15-20 షాట్లు పడుతుంది. అవి లెక్క వేయకండి.

మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక టెస్ట్ చేస్తే తప్పా?

ఆరుబయట రేంజ్ అయితే వద్దు. అడ్డంగా సెకనుకి ఒక్క మీటర్ గాలి వీస్తే చాలు, 50 మీటర్లలో బులెట్ సుమారు 7 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది, అంటే దాదాపు ఒక రింగు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, జెండాలు వేలాడుతున్నప్పుడు టెస్ట్ ముగించేయండి. మధ్యాహ్నం గాలి చదవడం నేర్చుకోవడానికి వాడుకోండి.

## చట్టం

యూట్యూబ్‌లో ఫారిన్ షూటర్లు ఇంట్లోనే బులెట్లు లోడ్ చేసుకుంటున్నారు, మనం చేయొచ్చా?

వద్దు. ఆయుధ చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం, మీకు రైఫిల్ లైసెన్స్ ఉన్నా అది తయారీకి లైసెన్స్ కాదు. పైగా వాళ్ళు లోడ్ చేసేవి సెంటర్‌ఫైర్, ప్రైమర్ విడిగా మార్చుకునే రకం. .22లో ప్రైమింగ్ రిమ్ లోపలే ఉంటుంది, ఒకసారి పేలాక ఆ రిమ్ నొక్కుకుపోతుంది, మళ్ళీ లోడ్ చేసేలా అది తయారే కాలేదు. వాళ్ళ పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది, ఒకసారికి ఒక్కటే మార్చడం, ప్రతి గ్రూపూ రాసి పెట్టడం. వాళ్ళు మందు బరువు మార్చి చూస్తారు, మనం లాట్ మార్చి చూస్తాం.

ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ కావాలా?

0.177 క్యాలిబర్ (అంటే మన 4.5 మిల్లీమీటర్లే), 20 జూల్స్ లోపు అయితే అక్కర్లేదు, మ్యాచ్ ఎయిర్ రైఫిల్ 7.5 జూల్స్ దగ్గర ఉంటుంది. .22కి మాత్రం లైసెన్స్ తప్పనిసరి. రైఫిల్ బ్యాగ్‌లో బిల్లు, క్లబ్ కార్డు ఎప్పుడూ ఉంచుకోండి.

## మన ఉప్పు గాలిలో దాచుకోవడం

డబ్బా తెరిస్తే పెలెట్ల మీద తెల్లటి పొడి ఉంది, తుడిచి వాడొచ్చా?

వాడకండి. తేమ తగిలి సీసం తుప్పు పట్టింది, ఆ పొడి విషం, బ్యారెల్‌కీ మంచిది కాదు. ఊదకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. మన ఊళ్ళో బీచ్ రోడ్ వైపు ఇళ్ళలో వానాకాలం బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, పెలెట్లు ఎంత. మూత బిగుతుగా పట్టే స్టీల్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి, పొట్లాలు రెండు నెలలకోసారి మార్చండి. ఏసీ గదిలోంచి తీసిన డబ్బా బయట తేమలో వెంటనే తెరవకండి, చల్లని మెటల్ మీద నీటి చెమట పడుతుంది, అరగంట ఆగి తెరవండి.

సిలిండర్‌కి చేతి పంపుతో గాలి కొట్టొచ్చా?

కొట్టొచ్చు గానీ వైజాగ్ తేమలో పంపు నీటి ఆవిరిని కూడా లోపలికి తోస్తుంది, అది రెగ్యులేటర్‌లో తుప్పవుతుంది. స్కూబా సిలిండర్‌కి నింపే పొడి గాలి దొరికితే అదే నింపించుకోండి. సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి, కంపెనీ చెప్పిన గడువు దాటినదాన్ని మ్యాచ్‌లో ఒప్పుకోరు, ఇంట్లో కూడా వాడొద్దు.

పెలెట్లు ముట్టుకున్న చేత్తో పిల్లలు టిఫిన్ తినేస్తున్నారు, ఏమన్నా అవుతుందా?

అవుతుంది, సీసం ఒంట్లో కొద్దికొద్దిగా పేరుకుంటుంది, పెద్దల కంటే పిల్లలకి ఎక్కువ నష్టం. పెలెట్ నోట్లో పెట్టుకునే పిల్లల్ని నేను చూశాను, అక్కడికక్కడే ఆపించాను. శానిటైజర్‌తో సీసం పోదు, సబ్బూ నీళ్ళే కావాలి. రేంజ్ తుడిచేటప్పుడు పొడి చీపురు వద్దు, తడిగుడ్డ పెట్టండి.

నచ్చిన లాట్ అయిపోతోంది, మళ్ళీ అదే దొరకడం లేదు. ఏం చేయాలి?

మిగిలిన ఆఖరి డబ్బాని ప్రాక్టీస్‌కి వాడేయకండి. దాంట్లోంచి వంద పెలెట్లు పక్కన పెట్టి కొత్త లాట్ వచ్చినప్పుడు అదే రోజు, అదే బెంచ్ మీద రెండూ మార్చి మార్చి కాల్చండి, అప్పుడే కొత్తది పాతదానికి సమానమో కాదో తెలుస్తుంది. మిగతావి మ్యాచ్‌లకి దాచండి. ఈసారి టెస్ట్‌లో ఒక లాట్ బాగుందనుకున్న రోజే సీజన్‌కి సరిపడా లెక్క వేసుకోండి, మ్యాచ్‌లు ఎన్ని, ఒక్కోదానికి సైటర్లతో (లెక్కలోకి రాని ముందు షాట్లతో) కలిపి వంద, దానికి తోడు మ్యాచ్ ముందు రెండు వారాల ప్రాక్టీస్, అంతా కలిపి అన్ని డబ్బాలూ ఒకేసారి తీసేసుకోండి.